చీకటి పాటలూ, మా అమ్మ మౌనమూ

నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యను మా నిజామాబాదు ఖిల్లాలోని జైలులో పెట్టారు. పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో ఆయన ఆ జైలు గోడలమీద పద్యాలు వ్రాశాడు. వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఆయనకు తోటి ఖైదీ. ఆ దాశరథే తరువాత ఒక సంపుటికి ‘తిమిరంతో సమరం’ అని పేరు పెట్టాడు. 1974లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. ఈ కథను మా వూరి పిల్లలకు చెప్పడం నాకు ఏటా ఒక పండుగ. చీకటి అంటే బానిసత్వం, అజ్ఞానం, దోపిడి. వెలుతురు అంటే విమోచనం. కవి అంటే చీకటితో పోరాడేవాడు. అభ్యుదయ కవిత్వానికి ఇంతకన్న సులువైన నిర్వచనం నాకు దొరకలేదు. నిజం చెప్పాలంటే నేను వెతకనూ లేదు.

గత శీతకాలంలో ఈ పాఠం చెప్తుండగా వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. బోధన్ దగ్గరి పల్లెనుంచి రోజూ బస్సులో వస్తుంది. వాళ్ళమ్మ బీడీలు చేస్తుంది. “మేడమ్, చీకటితోని కొట్లాడేటోళ్ళ సంగతి చెప్పిండ్రు. చీకట్ల కూసొని పాడేటోళ్ళది తప్పంటరా?” అని అడిగింది. క్లాసు నవ్వింది. నేనూ నవ్వి, అటువంటి పాటను నిరాశావాదమంటారనీ, అది పతనమవుతున్న సమాజం పాడుకునే పాట అనీ, ప్రజలకు దానివల్ల ప్రయోజనం లేదనీ చెప్పాను. ఆ మాటలు నావి కావు. నాకు పాఠం చెప్పినవారు చెప్పినవి. వారికి అంతకు ముందువారు చెప్పినవి. గంట కొట్టాక ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, “మీరు ఒక్కసారి వినుండ్రి మేడమ్, అటెంక అనుండ్రి” అని ఒక చీటీ చేతిలో పెట్టింది. దానిమీద నాలుగు పేర్లున్నాయి. నాలుగూ ఆడవాళ్ళ పేర్లే.

విమర్శకులకు ఒక దురభ్యాసం వుంది. చదవని పుస్తకంమీద, వినని పాటమీద తీర్పు చెప్పడానికి మనకు పెద్ద కష్టం వుండదు. కాని చీటీ యిచ్చిన పిల్లకు రేపు మొహం చూపించాలి గదా! ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్న తరువాత చెవులకు తీగలు తగిలించుకొని కూర్చున్నాను.

మొదటిది కాలిఫోర్నియా గాయని చెల్సీ వుల్ఫ్ 2024లో విడుదల చేసిన ఆల్బం. దాని పేరు ‘షీ రీచెస్ ఔట్ టు షీ రీచెస్ ఔట్ టు షీ’. నిన్నటి ఆమె నేటి ఆమెకు, నేటి ఆమె రేపటి ఆమెకు చేయి చాస్తున్నదని ఆ పేరులో భావం. గిటార్ల మోత గోడ కూలినట్టు పడుతూ వుంటే, దాని కింద ఒక పలుచని గొంతు నలిగిపోకుండా నిలబడి వుంటుంది. రెండవది స్వీడన్‌కు చెందిన అన్నా వాన్ హౌస్‌వోల్ఫ్. ఆమె వాద్యం చర్చిలలో వుండే పెద్ద గొట్టాల ఆర్గన్. 2020లో వచ్చిన ‘ఆల్ థాట్స్ ఫ్లై’ అనే ఆల్బంలో ఆమె ఒక్క మాట కూడా పాడదు, మొత్తం ఆర్గనే. 2025లో ‘ఐకనోక్లాస్ట్స్’ అని మరొకటి తెచ్చింది. 2021 డిసెంబరులో ఫ్రాన్సులోని నాంత్ నగరంలో ఒక చర్చిలో ఆమె కచేరీ జరగవలసి వుండగా, ఇది సైతాను సంగీతమని కొందరు మతఛాందసులు ద్వారం దగ్గర అడ్డం నిలిచారు. కచేరీ ఆగిపోయింది. ఆడది గుడిలో గొంతు విప్పితే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు.

మూడవ పేరు ఆరూజ్ ఆఫ్తాబ్. సౌదీలోని రియాద్‌లో పుట్టి, లాహోరులో పెరిగి, అమెరికాలో స్థిరపడిన గాయని. 2021లో వచ్చిన ఆమె ఆల్బం ‘వల్చర్ ప్రిన్స్’ను చనిపోయిన తమ్ముడికి అంకితం చేసింది. అందులోని ‘మొహబ్బత్’ అనే గజల్‌కు 2022లో గ్రామీ బహుమతి వచ్చింది. పాకిస్తానీ కళాకారులలో ఆ బహుమతి అందుకున్న మొదటి వ్యక్తి ఆమె. ఇందులో గిటార్ల ఉరుము లేదు. తాళవాద్యాలు బహు తక్కువ. హార్ప్ తీగ ఒకటి మోగి ఆగిపోతుంది, గొంతు దాని వెనుక నడుస్తుంది. అయినా మొదటి రెండింటికన్న ఇదే నాకు ఎక్కువ బరువనిపించింది. ఆ పాట సగంలో వుండగా నేను తీగలు తీసేశాను. ఎందుకు తీసేశానో తరువాత మనవి చేస్తాను.

సంగీతశాస్త్రం నేను చదువుకోలేదు. అయినా మన మాటల్లో చెప్పుకోవాలంటే ఈ పాటలకు మూడు లక్షణాలున్నాయి. ఇవి మంద్రస్థాయిని వదలవు. విలంబకాలంలో నడుస్తాయి. తంబూర శ్రుతిలాగా ఒకే నాదం అడుగున ఆగకుండా మోగుతూ వుంటుంది. మన కచేరీలో తంబూర పాటకు ఆధారం. ఇక్కడ ఆ ఆధారమే పెరిగి పెద్దదై పాటమీద బరువుగా కూర్చుంటుంది. గాయని దానిని ఎత్తి పట్టుకొని పాడుతుంది. ఈ బరువు ఎక్కడిది అని విచారించాను. జవాబు ఒక కార్ఖానాలో దొరికింది.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే పారిశ్రామిక నగరం వుంది. అక్కడ టోనీ అయోమీ అనే 17 యేళ్ళ కుర్రవాడు ఇనుపరేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. అతడు ఎడమచేతివాటం వాడు. పనిలో ఆఖరి రోజున యంత్రంలో పడి అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. గిటారు తీగలను నొక్కవలసినవి ఆ వేళ్ళే. అతడు ప్లాస్టిక్ కరగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. బిగువైన తీగలు నొక్కితే నొప్పి కనుక పలుచని తీగలు వేసుకున్నాడు, తరువాత వాటిని వదులు చేసి శ్రుతి దించుకున్నాడు. 1970లో వెలువడిన ‘బ్లాక్ సబ్బాత్’ బృందం మొదటి ఆల్బంతో ఈనాడు హెవీ మెటల్ అనే సంగీతం ప్రారంభమైందని చెప్పుకుంటారు. తీగలు బాగా దించి వాయించింది 1971 నాటి మూడవ ఆల్బంలో. అంటే ఆ నాదం బరువు కొంతవరకు ఒక కార్మికుని తెగిన వేళ్ళ బరువు. దీనిని తీరికవర్గం సృష్టించిన విలాసమని నేను క్లాసులో చెప్పివున్నాను!

బోధన్ ప్రాంతంలో పుట్టినవారికి ఈ మాట అర్థం కావడం కష్టం కాదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువలు మంజీర నీళ్ళను మా పొలాలకు తెచ్చాయి. నీళ్ళ వెంట చెరుకు వచ్చింది. చెరుకు వెంట 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. నా చిన్నతనంలో క్రషింగ్ కాలమంటే మూడు సంగతులు: రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు, గాలిలో మడ్డి వాసన, వేళకు కూసే సైరన్. దూరంనుంచి రాత్రిపూట వినపడే యంత్రాల హోరు మంద్రంగా, ఆగకుండా, పడుకున్న మంచం కోళ్ళలోంచి ఒంట్లోకి ఎక్కేది. 2002లో ఆ సంస్థలో అధికభాగం ప్రైవేటువారి చేతికి పోయింది; 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీ మూసేశారు. ఆ హోరు ఆగినప్పుడు మా పల్లెల్లో ముసలివాళ్ళకు నిద్ర పట్టలేదని చెప్పుకున్నారు. నాదం ఆగడం కూడా ఒక నాదమే.

నాలుగవ పేరు వీరందరికన్న పెద్దది, డయమాండా గలాస్. గ్రీకు సంతతికి చెందిన అమెరికన్ గాయని. 1986లో ఆమె సోదరుడు ఎయిడ్స్ వ్యాధితో చనిపోయాడు. ఆ రోగులను పాపులని మతాధికారులు వెలివేస్తున్న కాలమది. 1990లో న్యూయార్కులోని సెయింట్ జాన్ ది డివైన్ అనే పెద్ద చర్చిలో ఆమె ‘ప్లేగ్ మాస్’ అనే కచేరీ చేసింది. 1991లో అది ఆల్బంగా వచ్చింది. అది పాట కాదు, ఏడ్పు. ఏడ్పు కాదు, శాపం. చచ్చినవారిని తలచి కన్నీరు పెట్టి ఆమె వూరుకోదు. వారిని చంపిన ఉపేక్షను నిలబెట్టి అడుగుతుంది. 2003లో మరొక ఆల్బం తెచ్చింది. అది ఆర్మీనియన్, గ్రీకు, అస్సీరియన్ జాతుల ఊచకోతలో చచ్చి, లెక్కకు రాకుండా పోయినవారిని గురించినది. ఈ పద్ధతికి మూలం గ్రీకు పల్లెలలో ఆడవాళ్ళు పీనుగు చుట్టూ కూర్చుని తీసే శోకాలే. ఆ శోకాలకు ఎంత శక్తి వుండేదంటే, క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దంలో ఏథెన్సు శాసనకర్త సోలోన్ వాటిని అదుపు చేస్తూ చట్టం చేశాడు. ఒళ్ళు రక్కుకోరాదు, కట్టిన శోకాలు పాడరాదు, పరుల చావుకు పోయి ఏడ్వరాదు. ప్రజాస్వామ్యానికి పునాది వేశాడని మనం పొగిడే మనిషికి ఆడవాళ్ళ ఏడ్పంటే అంత భయమెందుకు? ఏడ్పులో లెక్కలు బయట పడతాయి కనుక.

ఇక్కడ నా సంగతి చెప్పవలసి వుంటుంది.

మా తమ్ముడు 2012లో సౌదీకి పోయాడు. మా జిల్లాలో ఇది విశేషం కాదు. గల్ఫుకు మనిషిని పంపని పల్లె మా వైపు అరుదు. ఏజెంటుకు కట్టిన డబ్బు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది. 2017లో పని దగ్గర పడిపోయి చనిపోయాడని ఫోను వచ్చింది. శవం ఇరవైరెండు రోజుల తరువాత శంషాబాదు విమానాశ్రయంలో దిగింది. అక్కడినుంచి అంబులెన్సులో తెల్లవారుజామున వూరికి వచ్చింది. పెట్టె దించారు. మేకులు పీకారు. వాకిట్లో వూరంతా వుంది. పట్నంనుంచి మా కళాశాల సహాధ్యాపకులు కూడా వచ్చి ఒక పక్క కుర్చీలలో కూర్చున్నారు.

మా అమ్మ శోకం అందుకుంది. మా వైపు దీనిని శోకాలు పెట్టడమంటారు. అడ్డదిడ్డంగా ఏడ్వడం కాదది. దానికి రాగం వుంది, నడక వుంది, సంబోధన వుంది. ఒకామె పెడితే పక్కన మెడపట్టుకున్నామె అందుకుంటుంది. అమ్మ ముందు కొడుకు పుట్టుక చెప్పింది. నిజాంసాగర్ కాలువలో ఈత నేర్చిన సంగతి చెప్పింది. ఎండిన బోరుబావి సంగతి చెప్పింది. ఏజెంటు ఎన్నిమాట్లు ఇంటికి వచ్చిందీ, పాసుపోర్టు ఎవరు గుంజుకున్నదీ, ఏ నెలలో జీతం రానిదీ, వడ్డీ ఎంత చేరిందీ, అన్నీ రాగంలోనే, ఒక్క అంకె తప్పకుండా చెప్తున్నది. నేను పోయి ఆమె నోటికి అడ్డంగా చెయ్యి పెట్టాను. “ఊకో అమ్మా, అందరు జూస్తున్నరు” అన్నాను. ఆమె నా మొహం చూసింది. ఆగిపోయింది. తమ్ముని అస్థికలు కందకుర్తిలో, గోదావరి మంజీరలు కలిసేచోట కలిపిననాడు కూడా ఆమె గొంతు లేవలేదు. ఆనాటినుంచి ఈనాటివరకు వూళ్ళో ఎవరు చచ్చినా ఆమె పోయి వూరికే కూర్చుని వస్తుంది. ఒకప్పుడు ఆమె శోకం పెడితే చుట్టుపక్కల గడపలు నిలిచి వినేవి.

ఆరూజ్ ఆఫ్తాబ్ పాట సగంలో నేను తీగలు తీసేసింది ఇందుకే. నా తమ్ముడు చచ్చిన దేశంలో పుట్టిన ఒక ఆడమనిషి తన తమ్ముని శోకాన్ని ప్రపంచమంతా వినేటట్టు పాడుకున్నది. మా ఇంట్లో పాడగలిగిన మనిషి నోరు నేనే మూశాను.

మన అలంకారశాస్త్రం శోకాన్ని చిన్నచూపు చూసిందని ఎవరూ అనలేరు. క్రౌంచపక్షిని పోగొట్టుకున్న ఆడపక్షి ఏడ్పు విన్న వాల్మీకికి శోకమే శ్లోకమైంది. ఉన్న రసం కరుణమొక్కటేనని భవభూతి భావం. కాని ఇందులో ఒక చిత్రం వుంది. ఏడ్చింది ఆడపక్షి, శ్లోకం పేరు పడింది ఋషికి. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు విప్రలంభానికీ కరుణానికీ భేదం చెప్తూ, విప్రలంభంలో ఆశ మిగిలి వుంటుందనీ, కరుణంలో ఆశ వుండదనీ సూచించాడు. మన అభ్యుదయ విమర్శ ఇక్కడనే తడబడింది. ఆశ లేనిదంతా నిరాశావాదమని లెక్క కట్టింది. ఆశ లేకపోవడం వేరు, నిరాశను సిద్ధాంతం చేసుకోవడం వేరు. చచ్చిన కొడుకు లేచి వస్తాడని ఆశ పెట్టుకొమ్మని ఏ తల్లికి చెప్పగలం? ఆ ఆశ లేనిచోటనే ఆమె లెక్క అడగడం మొదలుపెడుతుంది. శాస్త్రం ప్రకారం కరుణానికి స్థాయి శోకం, రౌద్రానికి స్థాయి క్రోధం. మా అమ్మ శోకంలో ఈ రెండూ విడిగా లేవు. గలాస్ గొంతులోనూ లేవు.

నాతో పనిచేసే ఒక మిత్రుడికి ఈ సంగతులు చెప్తే ఆయన ఒప్పుకోలేదు. “అమెరికాలో నల్లబట్టలు కట్టుకొని, పుర్రెలు అచ్చువేసిన చొక్కాలు అమ్ముకునేవాళ్ళ సంగీతానికీ, మీ అమ్మగారి శోకానికీ పోలికేమిటి? ఒకటి సరుకు, రెండవది జీవితం” అన్నారు. ఈ ఆక్షేపణలో న్యాయం వుంది. చీకటి కూడా అంగట్లో దొరికే సరుకే. ఆల్బం ఒక్కరు పాడేది, ఒక్కరు చెవిలో పెట్టుకొని వినేది; శోకం పదిమంది మెడలు పట్టుకొని చేసేది. చెల్సీ వుల్ఫ్ చీకటిలో ఆమె ఒక్కతే వుంటుంది; పక్కింటామె రాదు. ఇది ఆ సంగీతానికి లోపమే. కాని సరుకైనంత మాత్రాన అందులో జీవితం లేదనడం చెల్లదు. మా అమ్మ చుట్టే బీడీ సరుకు కాదా? ఇరవైయైదు బీడీల కట్టలో ఆమె నడుము నొప్పి లేదా? కనుక చీకటి పాట ఎదురైనప్పుడు నేను ఇప్పుడు అడిగే ప్రశ్న, ఇది ఆశ ఇస్తున్నదా అని కాదు. ఇది ఎవరి బరువును మోస్తున్నది, ఆ బరువు పెట్టినవారిని గుర్తిస్తున్నదా, లేక చీకటిని అందంగా చూపి అక్కడనే ఆగుతున్నదా అని. ఈ ప్రశ్నకు కొన్ని ఆల్బంలు నిలుస్తాయి, కొన్ని నిలవవు. మన వెలుతురు కవిత్వంలోనూ ఎంత నిలుస్తుందో చూసుకోవలసిందే.

బరువు పెట్టినవారిని గుర్తించే పాట ఎంత ప్రమాదమో తెలియడానికి మనం గ్రీసుదాకా పోనక్కరలేదు. భువనగిరిలో నూలు మిల్లులో పనిచేసిన బెల్లి లలిత తెలంగాణ కష్టాన్ని గొంతెత్తి పాడింది. 1999లో ఆమెను హత్యచేసి, శరీరాన్ని ముక్కలు చేశారు. ఒట్టి ఏడ్పే అయితే ఎవరు అంత శ్రమ పడతారు?

తెలుగులో జానపద గేయాలమీద పరిశోధన చిన్నది కాదు. బిరుదురాజు రామరాజు గ్రంథం 1958లోనే అచ్చయింది. ఎం.ఏ.లో నేను దానిని శ్రద్ధగా చదివి మంచి మార్కులు తెచ్చుకున్నాను. స్త్రీల పాటలమీద పరీక్షలో నాలుగు పుటలు వ్రాసిన దానను, వాకిట్లో ఆ పాట లేచినప్పుడు దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు? చదువుకున్న సిగ్గువల్ల అని ఇంతవరకూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. పైన పాఠకులకూ అట్లాగే చెప్పాను. అది సగమే నిజం.

మా అమ్మ లెక్కలు చెప్తూ చెప్తూ ఏజెంటును దాటింది, వడ్డీవ్యాపారిని దాటింది. తరువాతి చరణం అక్క చదువు. తమ్ముడు పంపిన మొదటి రెండేళ్ళ డబ్బు నా ఎం.ఏ.కూ, నా పెండ్లి అప్పుకూ పోయింది. ఆ మాట ఆమె నోట సగం వచ్చింది. కుర్చీలలో కూర్చున్న నా సహాధ్యాపకుల ముందు మిగతా సగం రాకుండా నేను ఆపాను. ఆమె నన్ను నిందించబోయిందో, బిడ్డను చదివించిన కొడుకును పొగడబోయిందో నాకు తెలియదు. వినలేదు గనుక ఎన్నటికీ తెలియదు. ఇతరుల పేర్లు వచ్చినంతసేపు నాకు ఆ శోకం ప్రజాసాహిత్యమే. నా పేరు రాబోయే చోట అది అనాగరికమైంది.

మొన్న సంక్రాంతికి వూరికి పోయాను. అమ్మ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేస్తున్నది. తడిపిన తునికాకు, తంబాకు, కత్తెర, దారం. మాట్లాడుతున్నా చేయి ఆగదు. ఆ పాట ఆమెకు వినిపించాను. మా వైపువాళ్ళకు ఉర్దూ కొంత తెలుస్తుంది గాని, ఆ గజల్ భాష ఆమెకు అందేది కాదు. కొంతసేపు విని, “ఎవరు సచ్చిండ్రు?” అని అడిగింది.

“తమ్ముడు” అన్నాను.

చేతిలోని ఆకు కిందపెట్టి పాట అయిపోయేదాకా వింది. నేను ధైర్యం చేసి, “అమ్మా, ఆనాడు నిన్ను ఊకోమన్నది నాది తప్పు” అన్నాను. “పోనియ్యి బిడ్డా. ఇప్పుడు యాదికి రాదు” అని మళ్ళీ ఆకు తీసుకుంది. క్షమించిందని నేను అనుకోలేదు. శోకం వ్రాసిపెట్టుకునే పద్యం కాదు. దాని వేళ తప్పితే తిరిగి రాదు.

ఈ సంవత్సరం దాశరథి పాఠం అయిన తరువాత నేను శోకాల మీద రెండు గంటలు అదనంగా చెప్తున్నాను. పరీక్షలో రాదని ముందే చెప్పాను, ఎవరూ లేచిపోలేదు. చీటీ ఇచ్చిన అమ్మాయి ఇప్పుడు ముందు బెంచీలో కూర్చుంటున్నది. దాశరథి గోడమీద వ్రాసింది బొగ్గుతో. బొగ్గు నల్లనిది, వ్రాసిన చోటు చీకటి కొట్టు. ఇంతకాలం ఆయన గెలిచిన వెలుతురును గురించే చెప్పాను. ఆ చేతికి అంటిన నలుపును గురించి కూడా చెప్పవలసి వుండెనని ఇప్పుడు తోస్తున్నది.

విమర్శకమిత్రులకు ఒక్క మనవి. ఎక్కడైనా ఒక ఆడమనిషి చీకటిలో గొంతెత్తినప్పుడు, దానికి నిరాశ అని పేరు పెట్టేముందు కాస్త ఆగి వినండి. తరువాతి చరణంలో మన పేరు వుండవచ్చు. ఉంటే దానిని కూడా పాడనివ్వండి.